120 రోజుల తర్వాత ఆగిపోయిన రిమోట్ డెస్క్‌టాప్: ఏ లైసెన్సు కొనాలి?

నమస్కారం. మీ విండోస్ సర్వర్ 2019లోకి సిబ్బంది అందరూ నాలుగు నెలలు సాఫీగా లాగిన్ అయి, ఇప్పుడు లైసెన్స్ సర్వర్ అందుబాటులో లేదన్న సందేశంతో ఆగిపోతున్నారని రాశారు. సర్వర్ చెడిపోలేదు, రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి సర్వర్‌లో పనిచేసే సదుపాయం) లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే 120 రోజుల గడువు ముగిసింది. అదనపు లైసెన్సు లేకుండా దొరికే రెండు సెషన్లు సర్వర్ నిర్వహణకే పరిమితం కనుక, వాటితో సిబ్బంది రోజువారీ పని చేయించడం నిబంధనలకు విరుద్ధం. విండోస్ సర్వర్ క్యాల్ (సర్వర్‌ను వాడుకునే హక్కునిచ్చే లైసెన్సు) ఉంటే చాలని చాలామంది అనుకుంటారు గానీ, దానికి తోడు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ (ఆర్‌డీఎస్) క్యాల్ విడిగా కొనవలసిందే. అది 2019 లేదా అంతకన్నా కొత్త వెర్షన్ అయి ఉండాలి. మీ సర్వర్ డొమైన్‌లో (కంప్యూటర్లనూ యూజర్లనూ ఒకేచోట నుంచి నిర్వహించే నెట్‌వర్క్) లేదన్నారు కాబట్టి దయచేసి యూజర్ క్యాల్ (మనిషికి ఒకటి చొప్పున కొనేది) తీసుకోవద్దు: డొమైన్ లేని ఏర్పాటైన వర్క్‌గ్రూప్‌లో దానికి మద్దతు లేదు, గంట కాగానే సెషన్ తెగిపోతుంది. పరికరానికి ఒకటి చొప్పున డివైస్ క్యాల్ కొని, లైసెన్సింగ్ రోల్‌ను (సర్వర్‌లో లైసెన్సులు జారీ చేసే భాగం) యాక్టివేట్ చేసి, గ్రూప్ పాలసీ అనే విండోస్ సెట్టింగుల్లో లైసెన్స్ సర్వర్ పేరునూ ‘పర్ డివైస్’ మోడ్‌నూ నమోదు చేయండి. గడువు పొడిగించడానికి రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) కీ తొలగించమని ఎవరు చెప్పినా వినకండి. దానివల్ల లైసెన్సు హక్కు రాదు.