కవాసాకి జపాన్ పిల్లలకే వస్తుందా?

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. ఆరు రోజులైనా జ్వరం దిగలేదు, కళ్లు, పెదాలు ఎర్రబడ్డాయి, ఒళ్లంతా దద్దుర్లు. తట్టు అనుకున్నాం. చివరికి కవాసాకి అని తేల్చి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కించాక తగ్గింది. జపాన్ జబ్బు మా ఇంటికి ఎలా వచ్చింది డాక్టరుగారూ? పాపకి తొమ్మిది నెలలు, వాడు తాగిన గ్లాసే నోట్లో పెట్టుకుంటుంది. దానికీ అంటుకుంటుందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు గ్లాసు సంగతి. ఇది రక్తనాళాలు వాచే జబ్బు, అంటుకునేది కాదమ్మా, పిల్లల్ని విడదీసి పడుకోబెట్టక్కర్లేదు.

జపాన్‌కి చెందింది పేరే. 1961లో టోక్యోలో డాక్టర్ తొమిసాకు కవాసాకి నాలుగేళ్ల బాబులో ఈ లక్షణాలు చూసి, 1967లో 50 మంది పిల్లల వివరాలు ప్రచురించారు, అలా ఆయన పేరు పడింది. జపాన్, కొరియా పిల్లలకు ఎక్కువగా వచ్చే మాట నిజమే. అమెరికాలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఏటా లక్షకి ఇరవై మందికి వస్తే జపాన్‌లో 300 దాటుతుంది. హవాయిలో పుట్టి పెరిగిన జపాన్ సంతతి పిల్లల్లోనూ ఎక్కువే, అంటే జన్యువుల పాత్ర కొంత ఉందన్నమాట. అసలు కారణం మాత్రం ఇంకా ఎవరికీ తేలలేదు, కాబట్టి ఐస్‌క్రీమ్ పెట్టామనో, ఊరెళ్లి వచ్చామనో మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపువాళ్లే. ఇద్దరు ఆడపిల్లలకు వస్తే ముగ్గురు మగపిల్లలకు వస్తుంది. తోబుట్టువులకు ముప్పు మామూలు కంటే సుమారు పది రెట్లని జపాన్ లెక్క. పది రెట్లు అనగానే టెన్షన్ పడకండి, అదీ నూటికి ఇద్దరి దగ్గరే ఆగుతుంది.

నేను జాగ్రత్తపడమనేది పాప వయసు గురించి. ఏడాదిలోపు, మరీ ఆరు నెలల్లోపు పిల్లల్లో లక్షణాలన్నీ ఒక్కసారి బయటపడవు, గుండె రక్తనాళాలు ఉబ్బే ప్రమాదమేమో వాళ్లకే ఎక్కువ. పాపకి ఎప్పుడైనా జ్వరం మూడు నాలుగు రోజులైనా తగ్గకపోతే డాక్టరుతో మొదటి మాటే 'వీళ్ల అన్నకి కవాసాకి వచ్చింది' అని చెప్పండి. ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఎర్రగా ఉబ్బిందేమో చూడండి, చాలామంది గమనించని గుర్తు అది. గోళ్ల దగ్గర తోలు ఊడేదాకా ఆగొద్దు, అప్పటికి రెండో వారం దాటిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ మాత్రం జ్వరం మొదలైన పది రోజుల్లోపే పడాలి. వైద్యం అందకపోతే నలుగురిలో ఒకరికి గుండె నాళాలు దెబ్బతింటాయి.

బాబుకి ఎకో (గుండె స్కాన్) పరీక్షలు చెప్పిన తేదీకే చేయించండి, ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు 11 నెలలు ఆపాలి, డిశ్చార్జ్ కాగితం జిరాక్సు తీసి టీకా కార్డుకి పిన్ను కొట్టి పెట్టండి.