హరిదాసు పాత్రలో బియ్యం చప్పుడు

చిరంజీవి లలితకు, మామయ్య ఆశీస్సులు.

కొత్త రికార్డర్ కొన్నానని, సంక్రాంతికి ఊరి చప్పుళ్లన్నీ పట్టుకుంటానని రాశావు. సంతోషం. అయితే మొదటి రెండు రోజులు దాన్ని సంచిలోంచి తీయకు. తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని ఊరికే విను. ఏది ఎటునుంచి వచ్చిందో, ఏది ఆగితే ఏది బయటపడిందో పుస్తకంలో రాసుకో.

కెనడాలో ముర్రే షేఫర్ అనే స్వరకర్త బృందం 1970లలో వాంకూవర్ నగర ధ్వనులను ఇలాగే పోగుచేసింది. ఊరికి గుర్తుగా నిలిచే ధ్వనిని వాళ్లు సౌండ్‌మార్క్ అన్నారు. ఎప్పుడూ ఉంటూ ఎవరి చెవికీ ఆననిది కీనోట్. మన వీధికి అది రైసుమిల్లు. మిల్లు నడుస్తున్నంతసేపూ హాయిగా నిద్రపోయే అమ్మమ్మ, అది ఆగగానే ‘ఏమైందే?’ అంటూ లేస్తుంది, చూడు!

హరిదాసు పాటను అందరూ రికార్డు చేస్తారు. నువ్వు బియ్యం విను. మొదటి గడపల దగ్గర అక్షయపాత్ర ఖాళీ కాబట్టి గింజలు లోహం మీద పడి గలగలమంటాయి. వీధి చివరికొచ్చేసరికి బియ్యం మీద బియ్యం పడి ఇసుక జారినట్టు మెత్తగా వినిపిస్తుంది. ఆయన ఎంత దూరం తిరిగి వచ్చాడో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. తిరిగేటప్పుడు ఆయన హరినామం తప్ప మరో మాట మాట్లాడడు కాబట్టి ముందురోజు సాయంత్రమే ఇంటికి వెళ్లి అనుమతి అడుగు.

నేను చేసిన తప్పు చెబుతాను. ఒకసారి బుర్రకథకు వెళ్లి, మైకు కథకుడి నోటి దగ్గరే పెట్టాను. తంబురా, అందెలు అద్దంలా వచ్చాయి. హాస్యపు వంత జోకు వేసి, జనం నవ్వుతారని ఆగాడు. ఆ నవ్వు నా టేపులో లేదు. వింటే పాపం, అతను మాట మరిచిపోయి నిలబడినట్టుంది! ఆ రాత్రి జనమంతా పొట్టలు పట్టుకుని నవ్వారంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అందుకే వినేవాళ్ల వైపు కూడా ఒక మైకు తిప్పు.

గుడి మైకు పాడుచేస్తోందని విసుక్కోకు. అదీ ఊరి గొంతే. రికార్డర్ మీటరులో ధ్వని మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకో, మోత ఎక్కువై ధ్వని చిట్లితే బాగుచేయడం కష్టం. నీ మైకుకు గాలి తొడుగు మరవకు.

బ్యాటరీలు రెండు జతలు తెచ్చుకో. తెల్లవారుజామున మన ఊళ్లో ఏ కొట్టూ తెరవరు.

మామయ్య