రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక మిగిలిన 4 లక్షలు ఏం చేయాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. పత్తి, మిర్చి వేస్తాం. నా భార్యకు 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి, చాలావరకు ఆరోగ్యశ్రీలోనే. ఇప్పుడు క్యాన్సర్ తిరిగి రాకుండా లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది. మూడు నెలలకోసారి హైదరాబాద్ వెళ్తున్నాం, పోయినప్పుడల్లా మూడున్నర వేలు అవుతుంది. మందులకు నెలకు 900. చేతిలో 4 లక్షలు ఉన్నాయి, పెద్ద చీటీ కడదామనుకుంటున్నా. జబ్బు సంగతి రాయకుండా హెల్త్ పాలసీ ఇప్పిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

జవాబు: ముందు ఆ ఏజెంట్ సంగతి. జబ్బు దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ రోజున పాత రిపోర్టులు బయటపడతాయి, పాలసీ రద్దవుతుంది. ఐదేళ్లు కడితే ఇక అడగరని కూడా చెప్తాడేమో. మోసం అని తేలితే ఆ ఐదేళ్ల రక్షణ పనిచేయదు. దానికి బదులు మీ అబ్బాయి కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకుంటారేమో ఈ వారమే అడగమనండి. అలాంటి చాలా పాలసీల్లో పాత జబ్బుకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. పేర్లు చేర్చే గడువు మాత్రం ఏడాదికోసారే వస్తుంది.

ఇక లెక్క. లెట్రోజోల్ సాధారణంగా ఐదేళ్లు వాడాలి. అది ఎముకలను పలచన చేస్తుంది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఉంటాయి. మీరు రాసిన ఖర్చులకు ఈ పరీక్షలకని 5 వేలు కలిపితే ఏడాదికి దాదాపు 30 వేలు. ఐదేళ్లకు లక్షన్నర. ఇందులో 30 వేలు పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాది 30 వేల చొప్పున 1, 2, 3, 4 ఏళ్ల గడువుతో నాలుగు ఎఫ్‌డీలు వేయండి. అన్నీ ఆమె పేరు మీదే. ఏ ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో క్యాన్సర్ ఉందేమో వెతికే పెట్ స్కాన్లు చేయించుకోవాల్సిన పనిలేదు. భయంతో చేయించుకునేవాళ్లను చూశాను, డబ్బు మంచినీళ్లలా పోతుంది.

బిల్లుల్లో కనపడని ఖర్చు ఒకటుంది. మొన్నటిదాకా పత్తి ఏరింది, మిర్చి తెంపింది ఆమె కూడా కదా! ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. గాయాలు, ఇన్ఫెక్షన్ లేకుండా చూసుకోవాలి. ఆమె ‘ఏం కాదులే’ అని చేనుకు పోతానంటుంది, మీరు ఊకొట్టకండి. ఒక కూలీ ఖర్చు పెట్టుబడిలో కలపండి.

అందుకే మరో లక్షన్నర సాగుకు ఉంచమంటున్నాను. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చే అప్పు తప్పడమే మీకు పెద్ద లాభం. మిగిలిన లక్ష అత్యవసరానికి, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా. చీటీ వద్దు. నెలనెలా కట్టాలి, మీకేమో ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మినప్పుడే డబ్బు కనపడుతుంది.

అబ్బాయి పాత పన్ను విధానంలో ఉండి, తల్లి అతని మీదే ఆధారపడి ఉంటే క్యాన్సర్ చికిత్స ఖర్చుకు 40 వేల వరకు మినహాయింపు ఉంది. క్యాన్సర్ డాక్టర్ రాసిన ప్రిస్క్రిప్షన్, బిల్లులు ఒక ఫైల్‌లో పెట్టండి.