బ్లోయరును విప్పాలా, ఊడదీయాలా, దించాలా?

సందేహం: కారు ఏసీ బ్లోయరు (లోపలికి గాలి తోసే ఫ్యాను) పాడైతే పటమటలో మా ఇంటి దగ్గరే మార్చాను. ఇంగ్లీషు సూచనలు చూసి చేసిన పని కదా, మనవాళ్లకూ పనికొస్తుందని తెలుగులో రాశాను. రాసింది మొత్తం జతచేశాను. అందులో ఒక వాక్యం ఇది: "గ్లవ్‌బాక్స్ తీసివేయబడిన పిమ్మట కుడివైపు గల బ్లోయర్ యొక్క మూడు స్క్రూలను తొలగించి, దానిని చేతితో పట్టుకొనవలెను." ఆటోనగర్‌లో ఒక మెకానిక్కుకు చదివి వినిపిస్తే నవ్వాడు. తప్పెక్కడుంది? బ్లోయరుకు 'వాయుచోదకం' లాంటి మాట వాడాలా? 'ఇంట్లో బ్లోయర్ మార్పిడి' అన్న శీర్షిక సరైనదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మెకానిక్కు నవ్వింది గ్రాంథికం విని కాదు. ఆ వరసలో పని చేస్తే ఏమవుతుందో అతని కళ్లకు కట్టింది. చాలా కార్లలో బ్లోయరు గ్లవ్‌బాక్సు వెనకాల, కింది నుంచి పైకి బిగించి ఉంటుంది. మీరన్నట్టు స్క్రూలు 'తొలగించి, పట్టుకుంటే' మూడో స్క్రూ వచ్చేలోపే మోటరు, ఫ్యాను కలిసి మొహం మీద పడతాయి. 'తొలగించి' క్త్వార్థకం. ముందు జరిగే పనిని చెబుతుంది. తెలుగు వాక్యంలో పనుల వరసను అదే నిర్ణయిస్తుంది గనుక తారుమారు చేయకూడదు. "ఒక చేత్తో బ్లోయరును ఆనించి పట్టుకొని, రెండో చేత్తో స్క్రూలు విప్పండి" అని రాస్తే చాలు.

రెండో పొరపాటు 'కుడివైపు'. మీరు చూసిన సూచనలు స్టీరింగు ఎడమవైపు ఉండే దేశానివి. మన కార్లలో గ్లవ్‌బాక్సు ఎడమవైపు ఉంటుంది. మాటకు మాట పెడితే పాఠకుడు క్లచ్చు పెడల్ దగ్గర బ్లోయరును వెతుకుతాడు! ఎడమ, కుడి అన్నప్పుడు 'సీట్లో కూర్చున్నవారికి' అని ఒకసారి చెప్పేస్తే గొడవ ఉండదు. స్క్రూ తిప్పే దిశకూ అంతే. పాఠ్యపుస్తకాలు 'అపసవ్యదిశ' అంటాయి. "కింద నుంచి పైకి చూస్తూ, గడియారం ముల్లుకు ఎదురుగా" అన్నది ఇంకా తేలిక. ప్రదక్షిణం చేసే వైపు అని పోలిక చెబుదామనిపిస్తుంది గానీ, అది పై నుంచి చూసే లెక్క. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నవాడికి తిరగబడుతుంది.

'తీసివేయబడిన' గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. తెలుగులో పని చేసేవాడు మనిషి, వస్తువుకు ఆ 'బడడం' వద్దు. 'యొక్క' కూడా దండగ, 'బ్లోయరు స్క్రూలు' చాలు.

అసలు సంగతి క్రియల్లో ఉంది. ఇంగ్లీషు సూచనల్లో అన్నింటికీ ఒకటే మాట ఉండి ఉంటుంది. మీరు దాన్నే 'తొలగించు', 'తీసివేయు' అని తిప్పి తిప్పి రాశారు. మన నోట్లో ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది, ఆ క్రియలోనే చేతికి కావలసిన సూచనా ఉంది. బిగించినదాన్ని, ముడి వేసినదాన్ని విప్పుతాం. కాబట్టి స్క్రూలు విప్పాలి. బ్యాటరీ మైనస్ వైపు నట్టును సడలిస్తే చాలు, పూర్తిగా విప్పనక్కర్లేదు. వైరును పైకి లాగి పక్కన పెట్టాలి (ఎయిర్‌బ్యాగు ఉన్న కారైతే ఆ తర్వాత కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోకూడదు). గ్లవ్‌బాక్సును చాలా కార్లలో ఊడదీయాలి. రెండు పక్కగోడలనూ లోపలికి నొక్కితే అడ్డుగా ఉన్న బుడిపెలు తప్పుకుంటాయి, కిందికి వాల్చి కీలు దగ్గర ఊడదీయవచ్చు. మోటరు కనెక్టరు దగ్గర మాత్రం 'పీకండి' అని రాయకండి. పీకడంలో బలం ఉంది, జాగ్రత్త లేదు. పాఠకుడు వైర్లు పట్టుకొని గుంజుతాడు. "నాలుకను (లాకును) నొక్కిపట్టి, కనెక్టరునే పట్టుకొని లాగండి" అనాలి. ఇక బ్లోయరును దించాలి.

తిరిగి పెట్టేటప్పుడూ ఇంతే. ఫ్యాను విడిగా కొంటే షాఫ్టుకు తొడగాలి, మోటరును గూట్లో కూర్చోబెట్టాలి, కనెక్టరును టక్కుమనేదాకా నొక్కాలి, స్క్రూలు బిగించాలి. ఇక్కడ 'గట్టిగా' అని చేర్చకండి. స్క్రూ దిగేది ప్లాస్టిక్కులోకి, గట్టిగా తిప్పితే మర పోతుంది. ముందు స్క్రూను కాస్త వెనక్కి తిప్పితే పాత మర కలిసి చిన్నగా దిగుతుంది, అప్పుడు బిగించాలి. గ్లవ్‌బాక్సు ఎక్కించకముందే అన్ని వేగాల్లోనూ తిప్పి చూడమని రాయండి. ప్లస్సు, మైనస్సు తారుమారైనా ఈ రకం ఫ్యాను వెనక్కి తిరుగుతూ కాస్త గాలి ఇస్తుంది, అందుకే ఆ తప్పు వెంటనే బయటపడదు.

'వాయుచోదకం' వద్దు. గాలికి సంబంధించి మనకున్న పేర్లు దేనికదే: పొయ్యికి ఊదుగొట్టం, కొలిమికి తిత్తి, చేతికి విసనకర్ర, కావ్యాల్లో వీవన, సురటి. డాష్‌బోర్డు వెనక చుట్టూ సన్నటి రెక్కలు నిలబెట్టిన డబ్బాలా తిరిగే ఈ ఫ్యాను వీటిలో ఏదీ కాదు. ఆటోనగర్ దీనికి చివర ఉకారం తగిలించి 'బ్లోయరు' అని ఎప్పుడో తెలుగు చేసుకుంది. 'హీటరు ఫ్యాను' అన్న పేరు కూడా మీ ఇంగ్లీషు సూచనల్లో ఉండే ఉంటుంది. వేడికీ చల్లదనానికీ గాలి తోసేది ఈ ఫ్యానే కాబట్టి అదీ తప్పు కాదు. కానీ బెజవాడలో ఎర్రగీత వైపు మీట తిప్పేదెవరు?

మీ రాతలో అసలు కనిపించనిది జబ్బు గుర్తుపట్టే భాగం. 'శబ్దం వచ్చును' అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ధ్వన్యనుకరణ పదాలకు ఇంత పేరున్న భాషలో రాస్తూ ఆ పిసినారితనం ఎందుకు? 'టపటప' అంటే ఎండుటాకో కాగితం ముక్కో రెక్కలకు తగులుతోందని, శుభ్రం చేస్తే చాలునని. 'కీచుకీచు' అంటే మోటరు ఇరుసు తిరిగే బుష్షు ఎండిపోయిందని. 'గరగర' అంటే అది అరిగి ఫ్యాను గోడకు రాసుకుంటోందని, మోటరు మార్చాల్సిందే. 'దడదడ'మని డాష్‌బోర్డు అదిరితే రెక్క విరిగి తూకం తప్పిందని. 'ఏసీ పోయింది' అన్న మాటనూ విడదీయండి. గాలే రాకపోవడం వేరు, గాలి వస్తున్నా చల్లగా లేకపోవడం వేరు. రెండోది బ్లోయరు జబ్బు కాదు. నాలుగో నంబరు మీద మాత్రమే తిరుగుతూ ఒకటి, రెండు, మూడు మీద కదలకపోతే పోయింది చాలావరకు రెసిస్టరు, అంటే కరెంటును అడ్డుకొని వేగం తగ్గించే భాగం. పై వేగానికి కరెంటు దాని గుండా వెళ్లదు కాబట్టి అదొక్కటీ పనిచేస్తుంది. అలాంటప్పుడు మోటరు కొంటే డబ్బు దండగ. అయితే అరిగిన మోటరు ఎక్కువ కరెంటు లాగి రెసిస్టరునూ కనెక్టరునూ కాల్చడమూ ఉంది. కనెక్టరు కరిగినట్టు కనిపిస్తే రెండూ చూడమనండి.

శీర్షిక సంగతి. 'ఇంట్లో' అంటే గోడల మధ్య. కారు ఉండేది వాకిట్లోనో అపార్ట్‌మెంటు కిందో కాబట్టి 'ఇంటి దగ్గర' అనండి. 'మార్పిడి' అంటే ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవడం గుర్తొస్తుంది, పని ఎవరు చేశారో తెలియదు. షెడ్డులో చేయిస్తే మార్పించుకోవడం, మీరే చేస్తే మార్చుకోవడం. 'ఇంటి దగ్గరే బ్లోయరు మార్చుకోవడం ఎలా?' అని పెట్టండి.