ఆరేళ్ల బాబు రాత్రిపూట పళ్లు తోమడం మానేశాడు, మళ్లీ ఎలా అలవాటు చేయాలి?

సెలవులకు తిరుపతిలో అమ్మమ్మ ఇంటికి వెళ్లి వచ్చినప్పటి నుంచి ఇలా ఉందన్నారు. ఉదయం సంగతి తరువాత, ముందు రాత్రి తోమించడం మొదలుపెట్టండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న లడ్డూ తీపిని సూక్ష్మజీవులు తెల్లవార్లూ ఆమ్లంగా మారుస్తూనే ఉంటాయి.

కుచ్చు విచ్చుకుపోయిన బ్రష్షు పారేయండి, దాన్ని 3, 4 నెలలకోసారి మార్చాలి. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు, 2 నిమిషాలు చాలు. నురగ మింగకుండా ఉమ్మేయాలి.

బాబు వెనుక నిలబడి, తల మీ పొట్టకు ఆనించుకుని, చిట్టచివరి దవడ పన్ను దాకా మీరే తోమండి. ఆరో ఏట అక్కడ మొలిచేది పాలపన్ను కాదు, పోతే మళ్లీ రాదు. చాలామంది అది ఊడిపోయే పన్నేలే అనుకుని వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. 7, 8 ఏళ్లు వచ్చేదాకా మీ చేయి పడాల్సిందే.