స్మార్ట్ సిటీ మిషన్ ముగిశాక నగర ప్రణాళిక చదువుకు విలువ ఉంటుందా?

ఇంటర్ ఎంపీసీ చదువుతున్న తమ అమ్మాయి నగర ప్రణాళిక డిగ్రీ అయిన బి.ప్లానింగ్‌లో చేరతానంటోందని, స్మార్ట్ సిటీ పథకమే ముగిశాక ఆ చదువుతో ఉద్యోగం వస్తుందా, కంప్యూటర్ సైన్స్‌లో చేర్చడమే మేలా అని విశాఖలోని గాజువాక నుంచి ఒక తండ్రి అడిగారు.

అయ్యా, పథకం వేరు, నగరం వేరు. ఎంపిక చేసిన నగరాల్లో సదుపాయాలు మెరుగుపరచడానికి కేంద్రం 2015లో మొదలుపెట్టిన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది. తొలి విడత 20 నగరాల్లోనే ఎంపికైన విశాఖలో ఆ పనులను రాష్ట్ర ప్రభుత్వం, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కలిసి ఏర్పాటు చేసిన కంపెనీ చేపట్టింది. అయితే 2012 నుంచి 2021 వరకు జీవీఎంసీకి ఎన్నికైన పాలకవర్గమే లేదు. ముడసర్లోవ జలాశయంపై 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది, కానీ ఏ వార్డుకు ఏది ముందు అవసరమో కౌన్సిల్‌లో నిలదీసి అడిగే కార్పొరేటర్ అప్పుడు లేరు. ఎక్కడ ఏది ముందు అవసరమో ఎవరు అడుగుతారు, ఎవరు తేలుస్తారు అన్నదే మీ అమ్మాయి చదవబోయే రంగంలో అసలు విషయమని నా నమ్మకం.

వర్షాకాలంలో నీరు నిలిచే ఒక రోడ్డును చూడండి. కాలువ జీవీఎంసీది, ఎగువనున్న లేఅవుట్‌కు అనుమతి నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది, పక్కనే జాతీయ రహదారి, దిగువ భూమి పోర్టుది కావచ్చు. నీటిమట్టం ఎంతో సెన్సార్ చెప్పగలదు గాని, ఈ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి గెడ్డకు (వాననీరు పారే వాగుకు) దారి ఇప్పించడం మనిషి చేయవలసిన పని. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికతో సహా 18 అంశాలను పురపాలక సంస్థలకు అప్పగించవచ్చని చెప్పినా, అధికారాలు, నిధులు ఇంకా పూర్తిగా బదిలీ కాలేదు కాబట్టి, ఈ పని తెలిసినవారి అవసరం చాలాకాలం ఉంటుంది.

జేఈఈ మెయిన్‌లో బి.ప్లానింగ్ కోసం ఉండే పేపర్ 2బి రాస్తే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కు ప్రయత్నించవచ్చు. టౌన్ ప్లానింగ్ విభాగంలో ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లు ఏటా రావు, కనుక వాటినే నమ్ముకోవద్దు. మాస్టర్ ప్లాన్లు తయారుచేసే కన్సల్టెన్సీల్లో జీఐఎస్ మ్యాపింగ్ (కంప్యూటర్‌లో స్థల సమాచారంతో మ్యాపులు తయారుచేయడం) బాగా తెలిసినవారికి పని దొరుకుతుంది, అయితే తొలి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండవచ్చని ముందే అమ్మాయికి చెప్పండి.

నిర్ణయానికి ముందు ఈ సెలవుల్లో మీ దగ్గరలోని ఒక గెడ్డను ఎక్కడ ఇరుకైందో, ఎక్కడ మూసుకుపోయిందో తనచేత మ్యాప్ గీయించి, వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి మాట్లాడమనండి. ఆ తిరుగుడు, ఆ ప్రశ్నలు తనకు నచ్చితే బి.ప్లానింగ్‌లో చేర్పించండి. యాప్‌లు, కెమెరాల మీదే ఆసక్తి ఉంటే కంప్యూటర్ సైన్సే తనకు తగిన చదువు.