కొత్త ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి కస్టమర్ల మీదికి వదలకండి

కస్టమర్ల దగ్గర ఉబుంటు, డెబియన్, ఫెడోరా అని లైనక్స్ రకాలన్నీ ఉన్నాయి, మా ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి (అంటే కోడ్‌ను నడిచే ఫైలుగా మార్చి) డెబ్ ప్యాకేజీగా ఇవ్వాలా, ఆర్‌పీఎమ్ ప్యాకేజీగా ఇవ్వాలా, స్నాప్ ప్యాకేజీ చేయాలా అని మీరు అడిగారు. ఆ మూడింట్లో ఏది అన్నది తర్వాతి సంగతి. ఏ సిస్టమ్ మీద బిల్డ్, అంటే కంపైల్, చేశారన్నది ముందు చూడాలి.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కంప్యూటర్ సర్వీసు చేస్తాను. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు రోడ్డు దాకా నిలబడతాయి. అలాంటి రోజున పొద్దున్నే ఒక గుమస్తా ఫోన్ చేశాడు: "అన్నా, కాటా సాఫ్ట్‌వేర్ ఓపెన్ అయితలేదు, బండ్లన్నీ ఆగిపోయినయ్, జల్ది రా."

నేను వెళ్లేసరికి అతను ఇండికేటర్ మీది ఎర్ర అంకెలు చూస్తూ, కార్బన్ పేపరు పెట్టి చేత్తో చిట్టీలు రాస్తున్నాడు. ఖాళీ బండి బరువు ఎక్కువ వేశారని ఒక డ్రైవర్ కిటికీ దగ్గర గొడవ పడుతున్నాడు. రాత్రి సాఫ్ట్‌వేర్ వాళ్లు రిమోట్‌లో పాతది తీసేసి కొత్త వెర్షన్ పెట్టారట. ఐకాన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. టెర్మినల్‌లో నడిపితే జీలిబ్‌సీ 2.34 దొరకలేదని ఒక్క లైను వచ్చింది. జీలిబ్‌సీ అంటే ఈ లైనక్స్‌లలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ భాష లైబ్రరీ.

ఆ మెషీన్‌లో ఉన్నది ఉబుంటు 20.04, అందులోని జీలిబ్‌సీ 2.31. వాళ్లు కంపైల్ చేసింది 22.04లో, అక్కడ 2.35. 2021లో వచ్చిన 2.34లో, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు పిలిచే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ఇచ్చారు. అందుకే ఆ తర్వాతి సిస్టమ్‌లో మామూలుగా కంపైల్ చేస్తే రెండు లైన్ల సీ ప్రోగ్రామ్ కూడా పాత మెషీన్‌లో లేవదు. పాతదాంట్లో బిల్డ్ చేసింది మాత్రం కొత్తదాంట్లో హాయిగా నడుస్తుంది.

ఫోన్ చేస్తే ఆ కంపెనీ కుర్రాడు "ఓఎస్ అప్‌గ్రేడ్ చేసేయండి సార్" అన్నాడు. సీరియల్ పోర్టు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ అన్నీ కుదురుగా పనిచేస్తున్న మెషీన్‌ను సీజన్ మధ్యలో అప్‌గ్రేడ్ చేయమంటే ఎట్లా? కాదంటే "మా లిబ్‌సీ (జీలిబ్‌సీ) ఫైలు పంపిస్తా, అక్కడున్న పాతదాని మీద కాపీ చేయండి" అన్నాడు. అది ఇంకా ఘోరం. ఆ ఫైలు అటూ ఇటూ అయితే ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కమాండ్ కూడా నడవదు, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి బాగుచేసుకోవాలి. "తమ్మీ, డాకర్‌లో ఉబుంటు 20.04 ఇమేజ్ తీసుకో, అందులో మళ్లీ కంపైల్ చేసి పంపు, సోర్స్‌లో ఏదీ ముట్టుకోవద్దు" అని చెప్పాను. డాకర్ అంటే మన మెషీన్ లోపలే ఇంకో లైనక్స్ వాతావరణాన్ని విడిగా (కంటైనర్‌గా) నడిపే టూలు. పంపాడు. పెట్టగానే స్క్రీన్ మీదికి బరువు వచ్చింది, ప్రింటర్ చప్పుడు మొదలైంది.

అప్పుడు స్నాప్ ఇచ్చి ఉంటే పోయేది కదా అంటారు కొందరు. స్నాప్‌లో సీరియల్ పోర్టుకు విడిగా అనుమతి కలపాలి, అలాంటిదే ఇంకో ప్యాకేజీ పద్ధతి ఫ్లాట్‌పాక్‌లోనూ డివైజ్ అనుమతి అడగాలి. పైగా ఫ్లాట్‌పాక్ మొదటిసారి పెట్టేటప్పుడు దానికి కావాల్సిన లైబ్రరీల మూట (రన్‌టైమ్) ఒక్కటే వందల ఎంబీలు. మా మిల్లుల్లో చాలాచోట్ల నెట్ అంటే గుమస్తా ఫోన్ హాట్‌స్పాటే. పట్నంలో ఫైబర్ కనెక్షన్ మీద కూర్చుని సలహాలు ఇచ్చేవాళ్లు ఒకసారి ఇటు వచ్చి డౌన్‌లోడ్ చేసి చూడాలి. ప్రోగ్రామ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇచ్చే యాప్‌ఇమేజ్ నాకు నచ్చుతుంది, కానీ అందులో మామూలుగా జీలిబ్‌సీ పెట్టరు కాబట్టి దాన్నీ పాత సిస్టమ్‌లోనే బిల్డ్ చేయాలి. పైగా ఉబుంటు 22.04 నుంచి లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ ముందే ఉండదు, అది లేక పాత తరహా యాప్‌ఇమేజ్‌లు తెరుచుకోవు.

ఈ బాధ మనలాంటి చిన్నవాళ్లకే కాదు. లైనక్స్ కెర్నల్ (దాని గుండెకాయ) రాసిన లీనస్ టోర్వాల్డ్స్ 2014లో డెబియన్ వాళ్ల సమావేశం డెబ్‌కాన్ఫ్‌లో ఇదే గోడు వెళ్లబోసుకున్నాడు. నీళ్లలో డైవింగ్ చేసేవాళ్ల లెక్కలు రాసుకునే ఆయన సబ్‌సర్ఫేస్ ప్రోగ్రామ్‌కు విండోస్, మ్యాక్ బైనరీలు (కంపైల్ చేసిన ఫైళ్లు) ఇస్తూ లైనక్స్‌కు మాత్రం ఇవ్వలేకపోయారు. పాత ప్రోగ్రామ్‌లు ఆగకూడదని కెర్నల్‌లో ఆయన పట్టుబడతాడు, దాని పైన ఉండే లైబ్రరీలన్నిట్లో అంత పట్టుదల ఉండదు.

నన్నడిగితే ఆల్మాలైనక్స్ 8 అనే లైనక్స్ కంటైనర్‌లో బిల్డ్ చేయండి. అందులో జీలిబ్‌సీ 2.28. పైథాన్ భాష వాళ్లు చాలా లైనక్స్‌లలో నడిచేలా చేసే మెనీలైనక్స్ 2.28 ప్యాకేజీలు తయారయ్యేది కూడా దాని మీదే. ప్రోగ్రామ్ గో భాషలో ఉంటే సీగో (సీ కోడ్‌ను కలిపే సౌకర్యం) ఆపేసి స్టాటిక్‌గా, అంటే బయటి లైబ్రరీలు అక్కర్లేకుండా, చేయండి, ఆల్పైన్ అనే చిన్న లైనక్స్‌లో కూడా నడుస్తుంది. జీలిబ్‌సీ మీద ఆధారపడే మామూలు బైనరీ అక్కడ నడవదు, ఆల్పైన్‌లో జీలిబ్‌సీకి బదులు ఉండేది మజిల్ (musl) అనే వేరే సీ లైబ్రరీ. తర్వాత అదే ఫైలును డెబ్‌లో చుట్టినా, ఆర్‌పీఎమ్‌లో చుట్టినా ఇబ్బంది లేదు. పంపే ముందు బైనరీ లోపల ఏముందో చూపే ఆబ్జ్‌డంప్ కమాండ్‌కు పెద్ద టీ ఆప్షన్ (-T) ఇచ్చి, జీలిబ్‌సీ నంబర్లలో అన్నిటికంటే పెద్దది ఏదో చూసుకోండి, అది కస్టమర్ మెషీన్‌లోని జీలిబ్‌సీని దాటకూడదు. సీరియల్ పోర్టు వాడితే ఇంకొకటి: ఉబుంటు, డెబియన్‌లో ఆ పోర్టు తెరిచే అనుమతి కోసం యూజర్ డయలౌట్ గ్రూపులో ఉండాలి, ఆర్చ్ లైనక్స్‌లో ఆ గ్రూపు పేరు యూయూసీపీ.

మీ ప్రోగ్రామ్‌కు విండోలు, బటన్లు ఉంటే అవి గీసే లైబ్రరీ క్యూటీనా, జీటీకేనా అన్నది రాయండి. వాటి లైబ్రరీల సంగతి వేరే చెప్పాలి.